పురిటింట్లో ఎనిమిది మంది చుట్టాలు

పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని చూసి రావడం మనకి కొత్త కాదు. ముక్కూ మొహం తెలియని ఆవిడ పురిటింటికి, పిలవని పేరంటంగా, ఒంటికి రబ్బరు బట్టలు బిగించుకుని, మొహానికి అద్దం కట్టుకుని, నోట్లో గొట్టం కరుచుకుని, నీళ్లలో దిగి మరీ వెళ్లడం మాత్రం కొత్తే. ఈ మధ్య ఆ భాగ్యం నాకూ కలిగింది. ఆవిడ పొడవు 13, 14 మీటర్లుంటుంది. బరువు 30 టన్నుల దాకా ఉంటుందని గైడ్ చెప్పాడు. బిడ్డ 4 మీటర్లు. తల్లీబిడ్డా క్షేమం. మేం ఎనిమిది మందిమే పడవ ఊపుకి కాస్త అస్వస్థతగా ఉన్నాం.

పుట్టిల్లు అని ఊరికే అనలేదు. అంటార్కిటికా చుట్టూ ఉండే చలినీళ్లలో మేసే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఏటా జులై నుంచి అక్టోబరు దాకా పసిఫిక్‌లోని టోంగా దీవుల దగ్గరికొస్తాయి. ఐదు వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఉత్తరాన ఉన్న వవాఉ దీవుల చాటున నీళ్లు వెచ్చగా, పెద్దగా అలల్లేకుండా ఉంటాయి. ఎప్పుడో ఇక్కడ పుట్టిన పిల్లే పెద్దదై, దాదాపు ఏడాది కడుపుతో ఉండి, ఇక్కడికే వచ్చి కంటుంది. చిక్కల్లా ఏమిటంటే ఈ పుట్టింట్లో వంటిల్లు లేదు. తినే క్రిల్, అంటే చిట్టి రొయ్యల్లాంటి ప్రాణులు, అంతా దక్షిణాన ఉండిపోయింది. అంచేత ఆ బాలింత నెలల తరబడి పస్తుంటుంది. పస్తుంటూనే, ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించి, గేదె పాలు సిగ్గుతో విరిగిపోయేంత వెన్న ఉన్న పాలు బిడ్డకిస్తుంది. మళ్లీ ఐదు వేల కిలోమీటర్లు వెనక్కి ఈదితే గానీ ఆవిడకి ముద్ద దిగదు.

ఇలాంటి సమయంలో ఆవిడకి కావలసింది నిద్రా, నిశ్శబ్దమూ అని మీరనుకుంటే మీకు విహారయాత్రల గురించి ఓనమాలు తెలియవన్నమాట. ఆవిడకి కావలసింది మేము.

మాది 'చిన్న గుంపు'. ఈ మాట మా చేతికిచ్చిన కాగితంలో తొమ్మిది చోట్ల ఉంది. పెద్ద గుంపుగా వెళ్తే టూరిస్టులు, చిన్న గుంపుగా వెళ్తే ప్రకృతి ప్రేమికులు. మనుషులు తగ్గేకొద్దీ ప్రేమ, డబ్బు రెండూ పెరుగుతాయి. సముద్రంలోకి వెళ్లిన ప్రతి రోజుకీ మనిషికి కొన్ని వందల పాఅంగాలు, అంటే టోంగా డబ్బు. ఒక్కరే వెళ్తే ఇంకెంత పవిత్రంగా ఉండేదో గానీ, నా తాహతు ఎనిమిదో వంతు పవిత్రత దగ్గర ఆగిపోయింది.

పైగా చిన్న గుంపుగా వెళ్లడం మనిషి జాతికి చిన్న విషయం కాదు. వెనకటికి మనం తిమింగలాల దగ్గరికి పెద్ద పెద్ద గుంపులుగానే వెళ్లేవాళ్లం. 20వ శతాబ్దంలో ఒక్క దక్షిణార్ధగోళంలోనే రెండు లక్షలకు పైగా హంప్‌బ్యాక్‌లను పరామర్శించాం. ఆ పరామర్శ తర్వాత అవి మళ్లీ కనబడలేదు. సోవియట్ నౌకలైతే 1948 నుంచి 1973 మధ్య ఇక్కడ 48 వేలకు పైగా చంపి, అంతర్జాతీయ లెక్కల్లో 2,710 అని రాసి ఊరుకున్నాయి. మా గుంపులో రిటైరైన ఆడిటర్ ఒకాయన ఉన్నాడు. ఈ అంకె విని పాపం అన్నాడు. తిమింగలాల గురించో ఆ పద్దు రాసినవాడి గురించో తెలియలేదు.

టోంగావాళ్లు కూడా వేటాడినవాళ్లే. 1978లో అప్పటి రాజు నాలుగో టుపో ఇక చాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాత పదిహేనేళ్లకో ఎప్పుడో తిమింగలాన్ని చంపకుండా కూడా దాని మీద బతకొచ్చని తెలిసింది. ఇక్కడ నా వెటకారం కొంచెం తడబడుతుందని ఒప్పుకుంటాను. బల్లెం పట్టుకునే కుర్రాడు ఇవాళ స్నార్కెల్ (నోట్లో కరుచుకునే ఆ గొట్టం) పట్టుకుని, అదే సముద్రం మీద ఇంటిల్లిపాదినీ పోషించుకుంటున్నాడు. ఆవిడని అడిగినా బల్లెం కంటే మేమే నయమంటుంది. పోలిక బల్లెంతో పెట్టినంత కాలం మాకే డోకా లేదు.

సరే, విషయానికొద్దాం. రూలు ప్రకారం ఒకేసారి నలుగురు, వాళ్లతో ఒక గైడ్, అంతే నీళ్లలో ఉండాలి. గాలి సిలిండర్లు కట్టుకోకూడదు. ముట్టుకోకూడదు. వెంటపడి తరమకూడదు. కాబట్టి మా ఎనిమిది మందీ రెండు పంక్తులయ్యాం. మొదటి పంక్తికి తల్లీబిడ్డా దొరుకుతారు. రెండో పంక్తి లేచేసరికి విస్తట్లో తోక మాత్రం మిగులుతుంది. పడవ ఎక్కిన పది నిమిషాల్లో విశ్వమంతా ఒక్కటే కుటుంబమని చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నవాళ్లమే, మొదటి పంక్తి ఎవరిదన్న ప్రశ్న వచ్చేసరికి బస్సులో కిటికీ సీటు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాం. మా ధ్యానం టీచర్ అందరికంటే ముందు మెట్టు మీద కూర్చుంది. శ్వాస మీద ధ్యాస పెట్టమని చెబుతూనే మోచేత్తో నన్ను వెనక్కి నెట్టింది.

వెట్‌సూట్ అనే ఆ రబ్బరు బట్టల గురించి ఒక మాట చెప్పాలి. ఆరిన వెట్‌సూట్‌లోకి ఎలాగో దూరవచ్చు. నిన్నటి తడి ఆరని వెట్‌సూట్‌లోకి దూరాలంటే ఇద్దరు సాయం పట్టాలి. మోకాలి దగ్గర ఇరుక్కుని, ఒంటికాలి మీద గెంతుతూ, ఊగే పడవలో కడ్డీ అనుకుని ఆడిటర్ గారి చెవి పట్టుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. అప్పటికే తల బయటికి వంచి సముద్రానికి తన పొద్దున టిఫిన్ సమర్పించుకుంటున్నాడు. తర్వాత అద్దానికి ఆవిరి పట్టకుండా అందులో ఉమ్మి, వేలితో రాసి, కడిగి పెట్టుకోవాలి. మహాప్రాణిని దర్శించుకునే ముందు అందరం వరసగా కూర్చుని తుపుక్కుమన్నాం.

గైడ్ చెయ్యి పైకెత్తాడు. చప్పుడు చేయకుండా జారండి, దూకద్దు అని అంతకు ముందు ఆరుసార్లు చెప్పాడు. ముగ్గురం జారాం. నాలుగో ఆయన ఉత్సాహం ఆపుకోలేక దూకాడు. ఆ చప్పుడుకి కింద ఎవరైనా నిద్రపోతుంటే లేచే ఉంటారు.

లేచే ఉన్నారు. మొదట నీలం తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత ఆ నీలంలో కొంచెం ముదురు నీలం. అది నేల కాబోలు అనుకున్నాను. నేల మెల్లగా ఒక పక్కకి ఒరిగింది, తెల్లటి పొట్ట కనబడింది. ఆవిడ గడ్డం కింద బిడ్డ ఉంది. తల్లి అరగంట దాకా నీళ్లలో ఉండగలదు గానీ బిడ్డ నాలుగైదు నిమిషాలకోసారి గాలికి పైకి రావాలి. వచ్చింది. టన్ను బరువున్న పసిది, ఈత ఇంకా సరిగ్గా కుదరక కొంచెం వంకరగా, సరిగ్గా నా వైపే వచ్చింది. రూలు ప్రకారం నేను దూరంగా ఉండాలి. ఆ రూలు బిడ్డకి ఎవరూ చెప్పినట్టు లేరు. అప్పుడు కింద నుంచి ఆవిడ పక్క రెక్క లేచింది. హంప్‌బ్యాక్‌కి ఆ రెక్క ఒంటి పొడవులో మూడో వంతు ఉంటుంది. అది వచ్చి బిడ్డకీ నాకూ మధ్య అడ్డంగా నిలబడింది. రోడ్డు దాటేటప్పుడు పిల్లాడి గుండె మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. నన్ను తగల్లేదు. అంత పెద్ద రెక్కతో నాకు తగలకుండా ఉండటానికి ఎంత జాగ్రత్త పడిందో నాకు ఇప్పటికీ లెక్క తేలదు.

సరిగ్గా ఆ క్షణంలో ఆవిడ నన్ను చూసింది. ఇందులో సందేహం లేదు. ఎందుకంటే పడవ ఎక్కాక తెలిసింది, మొదటి పంక్తిలో ఉన్న నలుగురినీ చూసిందిట. నలుగురి ఆత్మలతోనూ మాట్లాడిందిట. రెండో పంక్తి వెళ్లొచ్చింది, వాళ్లనీ చూసిందిట. తిమింగలానికి కళ్లు తలకి చెరో పక్కన ఉంటాయి. ఒక్కో కంటికి నాలుగు ఆత్మల చొప్పున ఆ పూట ఆవిడ ఎనిమిది ఆత్మలను పలకరించి, పసిదానికి పాలిచ్చి, అడ్డొచ్చిన మమ్మల్ని తప్పించుకుని, తోక ఊపి వెళ్లిపోయింది. ఆవిడేం చెప్పిందని ధ్యానం టీచర్‌ని అడిగాను. "నువ్వు సరైన దారిలోనే ఉన్నావని చెప్పింది" అంది. నాకు మాత్రం "దారికి అడ్డు లే" అన్నట్టు వినబడింది. భాష సమస్య కావచ్చు.

భాష అంటే గుర్తొచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మత్ గల్ఫ్‌లో పిల్లలకి రికార్డర్లు తగిలించి పరిశోధకులు 2017లో ఒక సంగతి బయటపెట్టారు. హంప్‌బ్యాక్ తల్లీబిడ్డలు గుసగుసలాడుకుంటాయిట. గట్టిగా మాట్లాడితే పిల్లల్ని వేటాడే ఓర్కాలకి ఆచూకీ తెలుస్తుంది, మగ తిమింగలాల చెవినా పడుతుంది. అంత గుట్టుగా ఉండే ఇంట్లోకి మేం వెళ్లి, స్నార్కెల్ గొట్టంలోంచి అరిచాం. స్నార్కెల్‌లోంచి అరిస్తే "అబ్బ, ఎంత అందంగా ఉంది" అన్న మాట కాస్తా చిల్లుపడ్డ బూరలోంచి వచ్చినట్టు వస్తుంది. చుట్టుపక్కల ఓర్కా ఏదైనా ఉంటే దానికి కూడా జాలేసి ఉంటుంది.

ఇక మగమహారాజుల సంగతి. బిడ్డ తండ్రి ఎక్కడ అని మాలో ఒకాయన చాలా ఆందోళనగా అడిగాడు. తండ్రి ఎక్కడో ఎవరికీ తెలియదు, ఆయనకి ఇందులో పనేమీ లేదు. తల్లీబిడ్డల వెనకాల తరచూ ఒక మగది తిరుగుతుంటుంది. పరిశోధకులు దానికి 'ఎస్కార్ట్' అని గౌరవంగా పేరు పెట్టారు. రక్షణకి కాదు, తర్వాతి సంబంధం కోసం. తక్కినవి పాడుతుంటాయి. ఒక సీజన్‌లో ఒక ప్రాంతపు మగవన్నీ ఒకే పాట పాడతాయి. ఆ పాట కూడా ఎక్కువగా సొంతం కాదు. తూర్పు ఆస్ట్రేలియా వైపు పుట్టిన పాటలు ఏడాదీ రెండేళ్లలో పసిఫిక్ దాటుకుంటూ తూర్పుకి పాకుతాయని 2011లో తేల్చారు. పడవ నడిపే స్కిప్పర్ హైడ్రోఫోన్, అంటే నీళ్లలో వినే మైకు, దించి వినిపించాడు. కింద ఒక మగమహారాజు గుక్క తిప్పుకోకుండా పాడుతున్నాడు, మహానుభావుడు. పస్తుండి పాలివ్వడం ఆవిడ వంతు, కచేరీ ఈయన వంతు. మా పడవలో మగవాళ్లందరం ఆ పాటకి చాలాసేపు తలాడించాం.

వవాఉలో మా లాంటి వాళ్ల మీద కూడా పరిశోధనలు జరిగాయి. పడవలూ ఈతగాళ్లూ దగ్గరికొస్తే తల్లీబిడ్డలు తప్పుకోవడానికి చూస్తున్నాయని, రూళ్లు అన్నిసార్లూ పాటించడం లేదని వాటిలో తేలింది. ఇది నేను పడవలో చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆడిటర్ గారు, "అది పెద్ద గుంపుల గురించి అయ్యుంటుందండీ" అన్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం పడవలు లేవు. 1875 నాటి టోంగా రాజ్యాంగం ప్రకారం ఆదివారం పవిత్రం, వ్యాపారం చేయకూడదు. లోకంలో ఏ దేశం తిమింగలానికి వారపు సెలవిచ్చిందో నాకు తెలియదు గానీ ఇక్కడ మాత్రం అనుకోకుండా దొరికింది. మేం ఎనిమిది మందిమీ బస వరండాలో కూర్చుని ఎవరి వీడియోలు వాళ్లు చూసుకుంటున్నాం. నా కెమెరాలో మూడు నిమిషాల నలభై సెకన్లుంది. అందులో మూడు నిమిషాలు నా కాళ్లే. మిగతా నలభై సెకన్లలో ఆడిటర్ గారి కాళ్లు. చర్చిలోంచి పాట వస్తోంది, వీళ్లు మగ తిమింగలాల కంటే చాలా బాగా పాడుతున్నారు.

అప్పుడు ఖాళీ సముద్రంలో, ఒడ్డుకి అంత దూరంలో, ముందు ఒక పెద్ద నీటి ఆవిరి లేచింది. దాని పక్కనే ఒక చిన్నది. ఒక్క పడవ లేదు, ఒక్క గొట్టం లేదు. పెద్దది కదలకుండా తేలుతోంది. చిన్నది గాల్లోకి ఎగరబోయి, సగం లేచి, పక్కకి పడింది. మళ్లీ లేచి, మళ్లీ పడింది.

ధ్యానం టీచర్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది.

"చూశారా," అంది, "మనం రాలేదని మనల్ని వెతుక్కుంటూ వచ్చింది."