కావలెను: పది చేతుల పోస్ట్‌డాక్

కణితి ముక్క మీద లేజర్ వేసి లోపలి కణాల్ని చూసే అమెరికా ల్యాబుల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన కొలువు) ప్రకటనల్లో ఉన్నంత నిజాయితీ మన పెళ్ళి ప్రకటనల్లో లేదని బల్లగుద్ది చెబుతున్నాను. పెళ్ళివారు కట్నం వద్దంటూనే సైగ చేస్తారు. వీళ్ళు అన్నీ అచ్చేసి మరీ అడుగుతారు. మైక్రోస్కోపు సొంతంగా బిగించాలి, ఎలుకకు ఆపరేషన్ చెయ్యాలి, పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం రావాలి, సర్జన్ల మాట అర్థం కావాలి, గ్రాంటు రాతకోతలు చూసుకోవాలి. అన్ని చేతులున్నది దుర్గమ్మ ఒక్కత్తికే. ఆవిడైనా పరిశోధకులకు అమెరికా ఇచ్చే జె-1 వీసాకు లైన్లో నిలబడాల్సిందే.

జీతం లెక్కా పక్కాగానే ఉంటుంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఫెలోషిప్పులో కొత్త పోస్ట్‌డాక్‌కు 2024లో ఏడాదికి 61,008 డాలర్లు. ఆ చివరి ఎనిమిది డాలర్లు ఎవరి దయో అనుకున్నాను. పన్నెండుతో భాగించి చూడండి, నెలకు సరిగ్గా 5,084, శేషం సున్నా. నెలాఖరుకు మనవాడి చేతిలోనూ అంతే.

మా మేనల్లుడు ఆ బాపతే. వాడిది టూ-ఫోటాన్ మైక్రోస్కోపు. 1990లో కార్నెల్‌లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ చేసి చూపించిన విద్య. రెండు ఫోటాన్లు, అంటే రెండు వెలుగు రేణువులు, ఒకే అణువును ఒకే క్షణంలో తాకితేనే అది మెరుస్తుంది. సర్జనూ, కోసిన ముక్కను పరీక్షించే పాథాలజిస్టూ ఒకేసారి ఫోన్ ఎత్తడం దీనికంటే అరుదని వాడి అనుభవం.

ఆపరేషన్ తొమ్మిదింటికి అంటారు. లేజర్ స్థిమితపడాలని వీడు ఏడింటికే ఆన్ చేసి కూర్చుంటాడు. ముక్క వచ్చేసరికి సాయంత్రం నాలుగు. ముందు పాథాలజీ వాళ్ళు తీసుకుంటారు. న్యాయమే, రోగికి కావలసింది రిపోర్టు, వీడి పేపరు కాదు. మిగిలింది ప్రసాదంలా ఐసు డబ్బాలో వస్తుంది, కందిగింజంత. ఈలోగా ఎక్కడో ఒక అద్దం వెంట్రుకవాసి జరిగుంటుంది. తెర మీద చీకటి. మళ్ళీ మొదటి స్క్రూ నుంచి మొదలు.

తొందరెందుకు నాయనా, ఈ రంగమే నిదానం. మెదడు కణితిని నీలి వెలుతురులో గులాబీ రంగులో చూపించే మందుకు యూరప్ 2007లో సరేనంది, అమెరికా 2017లో. ఆ పదేళ్ళలో ఐదేళ్ళ జె-1 గడువు రెండుసార్లు ముగుస్తుంది. వీడి కాంట్రాక్టు మాత్రం ఏడాదికొకసారి, అదీ నిధులుంటే. ఆ నీలి వెలుతురు కణితిలోకి దిగేది మహా అయితే ఒక మిల్లీమీటరు. వీడి భవిష్యత్తు అంత లోతు కూడా కనబడదు.

మొన్న మా అక్క ఫోన్ చేసింది వాడికి. "ఒరేయ్, కేన్సర్ డాక్టరువేగా, మన పక్కింటి పిన్నిగారికి మెడ మీద గడ్డట, ఫొటో పంపమంటావా?"

"ఫొటో ఎందుకమ్మా, కందిగింజంత ముక్క పంపు" అని నోటిదాకా వచ్చిందట వాడికి.