సముద్రం కాస్త మారాలి

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. టూర్ ప్యాకేజీల్లో మాత్రం ఇప్పటికీ హావ్‌లాకే. అక్కడ రెండో నంబరు బీచ్ దగ్గర నెమో రీఫ్ అని ఒక చోటుంది. వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగ్‌కు పేరున్న చోటు. పెద్దగా అలలుండవు, ఒడ్డు నుంచి నడుచుకుంటూనే దిగిపోవచ్చు. ఈత రానక్కర్లేదు, వెనక నుంచి ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ పట్టుకుని తిప్పుతాడు. మనవాళ్లు అంత ఖర్చు పెట్టుకుని వెళ్తుంటే ఈ సముద్రం కస్టమర్ల పట్ల చూపిస్తున్న నిర్లక్ష్యం గురించి ఎవరో ఒకరు రాయక తప్పదు.

మొదటి అవమానం మీసానికి. మీసం ఒత్తుగా ఉంటే మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కోదు, సందుల్లోంచి నీళ్లు కారతాయి. మీసం మెలేసే జాతి ఇది భరించాలా? సరే, భరించాం. ఊపిరి బిగబట్టొద్దనడం మాత్రం దారుణం. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుందట. అక్కడ ఊపిరి బిగబట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు దెబ్బతింటాయట. ఫిజిక్స్ బాగానే ఉంది, కానీ ఊపిరి బిగబట్టకుండా పొట్ట లోపలికి లాక్కోవడమెలా? లాక్కోకుండా ఫొటో దిగడమెలా?

బొటనవేలు సంగతి ఇంకా ఘోరం. నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే 'సూపర్' అని కాదు, 'నన్ను పైకి తీసుకెళ్లు' అని. కెమెరా కనపడగానే మన చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ నియమం ప్రకారం పైకి లాక్కెళ్తాడు. డబ్బులు మనవి, చెయ్యి మనది, అర్థం మాత్రం వాళ్లది.

ఇక చేపల ప్రవర్తన. నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్ ఫిష్ కోసమే సగం మంది వెళ్తారు. అది అనిమోన్ అనే కుట్టే జీవి మధ్య కాపురముంటుంది. పుట్టినప్పుడు అన్నీ మగవే. ఇంటి పెద్ద మాత్రం ఆడ చేప. ఆవిడ పోతే మొగుడే ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటాడు. కుటుంబాలతో వచ్చేవాళ్లకు ఇలాంటివి చూపించేటప్పుడు సెన్సారు అక్కర్లేదా? చిలక చేప మరీను. పగడపు రాళ్లు కొరుక్కు తిని ఇసుకగా విసర్జిస్తుంది, పెద్దవైతే ఏడాదికి వందల కిలోలు. హనీమూన్ జంటలు హార్ట్ గీసి పేర్లు రాసుకునే తెల్లటి ఇసుకలో దాని వాటా తక్కువేం కాదు. ఇంతా విన్నాక మనవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "పులుసుకు పనికొస్తుందా?" జవాబు చెప్పే ఏర్పాటు అక్కడ లేదు.

పగడాలను ముట్టుకోకూడదు, ముక్క కూడా తెచ్చుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదు. షోకేసులో పెట్టుకోవడానికి ఏమీ ఇవ్వని ఊరు మళ్లీ ఎవరు వెళ్తారు? పైగా 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబడ్డాయి. వాటికి రంగూ తిండీ ఇచ్చేది లోపల ఉండే నాచు. వేడికి తట్టుకోలేక పగడం దాన్ని బయటికి తోసేస్తుంది, తెల్లబడుతుంది, ఆకలితో చస్తుంది. శాస్త్రవేత్తలు బెంగపడ్డారు. తెల్లబడితే బెంగపడటం మన ఇళ్లల్లో ఎప్పుడైనా విన్నామా? క్రీములు కొని మరీ రాసుకుంటాం.

దిగే ముందు హెల్త్ ఫారం ఇస్తారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, చెవి సమస్యలున్నాయా? చదవకుండానే అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెడతాం. బ్యాంకు లోన్ కాగితాల మీద సంతకం పెట్టిన చేతులివి, ఫారాలకు బెదరవు. పైకొచ్చాక ఎవరూ "ఏ చేపలు చూశావు?" అని అడగరు. "వీడియో ఎప్పుడు పంపిస్తారు?" అనే అడుగుతారు.

కనుక నా సూచన ఇది. హైదరాబాద్‌లోనే ఒక పెద్ద నీళ్ల ట్యాంకు కట్టి, వెనక పగడాల ఫ్లెక్సీ వేలాడదీయాలి. విమానం టికెట్ మిగులుతుంది. బొటనవేలు ఎంతసేపైనా చూపించుకోవచ్చు, లోతు నాలుగడుగులు చాలు, సిలిండర్‌తో పనే లేదు కాబట్టి పొట్టకూ ఇబ్బంది లేదు. చేపలకు కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను. ఫ్లెక్సీ మీద క్లౌన్ ఫిష్ బొమ్మ పెద్దదిగా ఉండాలా, ప్రారంభోత్సవానికొచ్చే నాయకుడి బొమ్మ పెద్దదిగా ఉండాలా అన్నదొక్కటే తేలాలి.