తొమ్మిది ఫ్యాన్ల సంబంధం

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎలా ఉంటుందో తెలుగు పాఠకులకు వర్ణించి చెప్పనక్కరలేదు. పాదరసం 47 డిగ్రీలు దాటిన మరునాడు దేశంలోకెల్లా వేడి పట్టణం మాదేనని పత్రికలో చదివి, అదేదో మా తాతలు సాధించిపెట్టిన బిరుదు అన్నట్టు పక్కింటివాళ్ళకు చూపించుకునే మనుషులం మేము. బల్లార్‌పూర్ నుంచి ఘుగ్గుస్ దాకా బొగ్గు గనులు పరుచుకున్న ఇటువంటి చోట, ఒక కుర్రవాడు తన కంప్యూటర్ క్యాబినెట్‌కు అదనంగా నాలుగు ఫ్యాన్లు కావాలని కోరుకుంటే అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అతడు ఆ కోరికను మూటగట్టుకొని అంగడికి వెళ్ళి, తిరిగి ఏమి మోసుకొని వస్తున్నాడన్నదే పరిశీలించవలసిన విషయం.

ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది, ర్యామ్ ఎంత అనే పాతకాలపు ప్రశ్నలను మా కాలనీ యువకులు ఏనాడో విడిచిపెట్టారు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే ప్రశ్న: ఫ్యాన్లెన్ని? మూడున్నవాడు నిరుపేద. ఆరున్నవాడు మధ్యతరగతి. తొమ్మిదున్నవాడు దేశ్‌ముఖ్. ఫ్యాన్లే లేని పాత రేకు డబ్బా ఉన్నవాడి ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి కూడా ఆలోచిస్తున్నారని వినికిడి.

ఈ తొమ్మిదింటి అమరికను పరిశోధక విద్యార్థులెవరైనా స్వీకరించాలని నా మనవి. ముందు మూడు, పైన మూడు, పక్కన రెండు, వెనుక ఒకటి. ముందున్న మూడింటికి ఎదురుగా, గాలి పొరపాటున కూడా లోపలికి రాకుండా, పైనుంచి కిందిదాకా గట్టి అద్దం బిగించి ఉంటుంది. అద్దానికీ డబ్బాకూ మధ్య చిటికెనవేలు కూడా పట్టని సందు ఉంటుంది, ఆ ముగ్గురు మహానుభావులూ ఆ సందులోంచే ఊపిరి పీల్చుకోవాలి. ఇక ఫ్యాను అన్నదానికి రెండు ముఖాలుంటాయి. రెక్కలు అడ్డం లేకుండా కనిపించే అందమైన ముఖం గాలిని పీల్చుకుంటుంది. మోటారును పట్టి ఉంచే కమ్మీలున్న అనాకారి ముఖం గాలిని వదులుతుంది. అందమైన ముఖమే కొనుగోలుదారుకు కనబడాలన్నది అంగడి ధర్మశాస్త్రం కనుక, పక్క అద్దంలోంచి కనిపించే ఫ్యాన్లన్నిటినీ ముఖం లోపలికి పెట్టి బిగిస్తారు. పైనా వెనుకా అలా బిగించడం అదృష్టవశాత్తు సరైనదే, ఎందుకంటే వేడి గాలిని బయటికి పంపవలసిన స్థానాలు అవే. గాలిని లోపలికి తేవడానికి పనికివచ్చే ఆ పక్క రెండు కూడా అందం కోసం బయటికే ఊదుతాయి. లెక్క తేలేదేమిటంటే, ఆరు ఫ్యాన్లు గాలిని బయటికి తోస్తూ ఉండగా, లోపలికి తేవలసిన మూడు మూసిన అద్దాన్ని నాకుతూ ఉంటాయి. తిరగేసిన రెక్కలతో, అందమైన ముఖంనుంచే గాలి వదిలే ఫ్యాన్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి. కాని వాటి సంగతి అడిగితే అంగడివాడు మనల్ని పన్నుల శాఖ మనిషిని చూసినట్టు చూస్తాడు.

మా ఇళ్ళలో అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా ఒక సంగతి తెలుసు. కిటికీలో కూలరు పెట్టినప్పుడు ఎదుటి తలుపు ఓరగా తెరిచి ఉంచాలి, లేకపోతే వచ్చిన గాలి పోయే దారి లేక గదంతా ఉక్కపోస్తుంది. ఆ అవ్వను తీసుకువెళ్ళి ఆ అంగట్లో కూర్చోబెడితే జిల్లాలో సగం కంప్యూటర్లు బాగుపడతాయి.

ఇదే జోరు సాగితే జరిగి తీరవలసిన పెళ్ళిచూపులను నేను ఇప్పుడే కళ్ళారా చూడగలను. వరుడిది బల్లార్‌పూర్, తండ్రి కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. వధువుది రాజురా, 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలో ఉండి ఆ తరువాత ఇటు వచ్చిన తాలూకా కనుక ఇరుపక్షాల భాషకూ పేచీ లేదు. ఫలహారాలు అయ్యాక పిల్ల తరఫు పెద్దాయన గొంతు సవరించుకొని, జీతం సంగతీ భూమి సంగతీ పక్కనపెట్టి, "ఫ్యాన్లు ఎన్నున్నయి బాబూ?" అని అడుగుతాడు. వరుడు తల వంచుకొని, "తొమ్మిది ఉన్నయి మామయ్యా" అంటాడు. పిల్ల తరఫు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని తృప్తిగా నిట్టూరుస్తారు. సంబంధం కుదిర్చిన మధ్యవర్తి, "రంగులు కూడా మారుతయి, రిమోటు ఉన్నది" అని అందుకుంటాడు. అందరూ లేచి లోపలి గదికి వెళ్ళి, పసుపు కుంకుమ బొట్లు పెట్టిన ఆ గాజు పెట్టె ముందు చేతులు కట్టుకొని నిలబడతారు. వరుడు బటన్ నొక్కుతాడు. విమానం లేచినట్టు మోత మొదలవుతుంది, గోడకు వేలాడుతున్న క్యాలెండరు మాత్రం కదలదు.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్ల, దేవుడి గూటిలోంచి ఒక అగరుబత్తి అడిగి తీసుకొని వెలిగిస్తుంది. కాబోయే అత్తగారు ఇది కంప్యూటర్‌కు హారతి అనుకొని, ఎంత సంప్రదాయం గల పిల్లో అని మురిసిపోయి, కర్పూరం పళ్ళెం కోసం పరుగెత్తుతుంది. పిల్ల అగరుబత్తిని ముందు అద్దం దగ్గర పట్టుకుంటుంది. పొగ ఏ మొహమాటమూ లేకుండా నిటారుగా పైకప్పుకు పోతుంది. తరువాత వెనక్కి వెళ్ళి, గ్రాఫిక్స్ కార్డు పక్కన ఖాళీ స్లాట్ల సందుల దగ్గర పట్టుకుంటుంది. పొగ గిర్రున తిరిగి ఆ సందుల్లోంచి లోపలికి దూరిపోతుంది. "గాలి ముందటినుంచి వస్తలేదు, వెనుక సందులకెళ్లి వస్తున్నది, అక్కడ ఫిల్టరు లేదు, దుమ్మంతా లోపటికే పోతది" అని పిల్ల మెల్లగా అంటుంది. గదిలో నిశ్శబ్దం పడవలసిన చోట ఫ్యాన్ల మోత మాత్రమే ఉంటుంది. వరుడి మేనమామ తేరుకొని, "అయితే ఏమాయె, ఇంకో మూడు ఫ్యాన్లు మీరు పెట్టుండ్రి, పన్నెండు అయితయి, శుభమైన సంఖ్య" అని లాంఛనాల బేరం తెరుస్తాడు. పిల్ల తరఫు పెద్దాయన ఆరు నెలల గడువు అడుగుతాడు. "ముందటి అద్దం తీసేస్తే చాలు కద" అని పిల్ల ఇంకోసారి అనబోతే, ఇంటి పరువుకు సంబంధించిన అద్దాన్ని తీసేయమనే ధైర్యం పెళ్ళికి ముందే ఉన్న ఆడపిల్లతో ముందు ముందు కష్టమని వరుడి మేనత్త వంటింట్లో తీర్పు చెబుతుంది.

బిగించడం ఇంత ఘనంగా జరిగాక కలపడం అంతకంటే ఘనంగా జరుగుతుంది. మదర్‌బోర్డు తయారుచేసినవాళ్ళు అమాయకులు. ఫ్యాన్లను కలపడానికి దాని మీద నాలుగు పిన్నుల స్థానాలు పెట్టి, పక్కన పేర్లు కూడా ముద్రించి ఇచ్చారు. అందులో ఒక పిన్ను నేల (గ్రౌండ్), ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు చెప్పేది, నాలుగోది ఎంత వేగంగా తిరగాలో బోర్డు ఫ్యానుకు చెప్పేది. ఆ నాలుగో తీగ ఉన్నదాన్ని పీడబ్ల్యూఎం ఫ్యాను అంటారు. మూడు పిన్నుల ఫ్యాను కూడా ఆ స్థానంలో చక్కగా కూర్చుంటుంది, కాకపోతే బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగులుండే చోటికి వెళ్ళి, ఆ స్థానాన్ని వోల్టులు తగ్గించి వేగం తగ్గించే డీసీ పద్ధతికి మార్చాలి, లేకపోతే అది జీవితాంతం పూర్తి వేగంతోనే తిరుగుతుంది. ఒక్కొక్క స్థానం సాధారణంగా 1 ఆంపియర్ దాకా మోస్తుంది. ఫ్యాను నడుమ అంటించిన కాగితం మీద 0.2 అని రాసి ఉంటే, చీలిక తీగతో మూడింటిని ఒకే స్థానానికి నిశ్చింతగా కలపవచ్చు. అంతకు మించితే పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు తీసుకొని, ఆజ్ఞలు మాత్రం బోర్డు నుంచి అందుకునే హబ్బు ఒకటి వాడాలి.

మా అంగడివాడు ఈ చాదస్తమంతా పెట్టుకోడు. తొమ్మిది ఫ్యాన్లనూ ఒకదాని తోకకు ఒకటి తగిలించి, చివరి తోకను పవర్ సప్లై నుంచి వచ్చే లావుపాటి మోలెక్స్ తీగలో దోపుతాడు. ఇక వాటికి 12 వోల్టులు తప్ప మరో మాట వినపడదు. యజమాని తెలుగులో ఉత్తరం టైపు చేసుకుంటున్నా, తెర ఆపి భోజనానికి వెళ్ళినా, ఆ తొమ్మిదీ యుద్ధానికి వెళుతున్నట్టే తిరుగుతుంటాయి. నిజానికి ఎక్కువ ఫ్యాన్లు నెమ్మదిగా తిరగడం మంచి పద్ధతే. ఒకేలాంటి ఫ్యాన్లు రెట్టింపయితే శబ్దం 3 డెసిబెల్సే పెరుగుతుంది, అదే ఉన్న ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే సుమారు 15 దాకా పెరుగుతుంది. వేగం సగమైతే గాలి సగమవుతుంది కాని, ఖర్చయ్యే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ లాభమంతా ఆ నాలుగో తీగలో ఉంది. ఆ తీగ లేని ఫ్యాన్లనే ఎంచి మరీ అమ్ముతారు, ఎందుకంటే ఆ తీగ వెలగదు.

వెలిగే తీగల సంగతి వేరే. రంగుల దీపాలలో రెండు జాతులున్నాయి. నాలుగు పిన్నులది 12 వోల్టులు, మూడు పిన్నులది 5 వోల్టులు. 5 వోల్టుల దీపాన్ని 12 వోల్టుల చోట కలిపితే అది ఒక్కసారి దేదీప్యమానంగా వెలిగి పరమపదిస్తుంది. దానికి వారంటీ వర్తించదని, "కస్టమర్ ముట్టుకున్నాడు" అని ఆ కలిపిన చేత్తోనే రసీదు మీద రాస్తారు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇక నవ్వలేను. ఈ గాజు పెట్టెలు కొంటున్నది ఎవరు? కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడనో, కూతురు ఇంట్లో కూర్చొని వీడియోలు ఎడిట్ చేసి నాలుగు రూపాయలు తెచ్చుకుంటుందనో, గనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి భవిష్యనిధి మీద అప్పు తీసి కొంటున్నాడు. ఆ తండ్రి ఊపిరితిత్తుల్లోకి పోతున్న బొగ్గు దుమ్మే ఈ పెట్టెలోకీ పోతోంది. పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, దాని బూడిద ఉంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చంద్రపూర్‌ను చేర్చింది. ఇది ఇక్కడ పుట్టిన ప్రతి అంగడివాడికీ తెలుసు, రోజూ ఉదయం తన కౌంటరు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది కనుక తెలుసు. తెలిసి కూడా, ఫిల్టరు లేని డబ్బాను, మూసిన అద్దంతో, బయటికి ఊదే ఆరు ఫ్యాన్లతో ఆ మనిషికి అంటగడతాడు. రెండో వేసవికి వేడి ఎక్కువై ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆ పిల్ల పని గంటలో అయ్యేది మూడు గంటలు పడుతుంది, తండ్రి మళ్ళీ అంగడికి వస్తాడు, ఇంకో మూడు ఫ్యాన్లు పెట్టుకొమ్మని సలహా ఇస్తారు. దీనిని వ్యాపారం అనడానికి నాకు నోరు రావడం లేదు, దోపిడీ అనే అంటాను.

గదిలో 44 డిగ్రీలుంటే తొమ్మిది కాదు, తొంభై ఫ్యాన్లు పెట్టినా పెట్టెలోపల 44కు దిగదు, ఎందుకంటే ఫ్యాను చలిని పుట్టించదు, గదిలో ఉన్న గాలినే తోస్తుంది. ఫ్యాను ఇన్ని వేల గంటలు బతుకుతుందని పెట్టె మీద రాసే లెక్కను కూడా చాలామంది తయారీదారులు 40 డిగ్రీల దగ్గర వేస్తారు, మా మే నెలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చవక స్లీవ్ బేరింగు ఫ్యాన్లలో నూనె ఆ వేడికి తొందరగా ఎండిపోయి గరగర మొదలవుతుంది, కనుక ఫ్లూయిడ్ బేరింగు లేదా బాల్ బేరింగు ఉన్నవి అడగాలి.

కావలసింది చాలా కొంచెం. ముందు జాలీ ఉన్న క్యాబినెట్, ఆ జాలీ వెనుక కడుక్కోదగిన ఫిల్టరు, ఫిల్టరును దాటి గాలిని లాగగల 140 లేదా 120 మిల్లీమీటర్ల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు రెండో మూడో లోపలికి, వెనుక ఒకటి బయటికి. లోపలికి వచ్చేది బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి గాలి బయటికే వస్తుంది, దుమ్ము దూరదు. ఇప్పటికే గాజు పెట్టె కొని మోసపోయినవాళ్ళు ముందు అద్దం ఊడదీసి, పక్కనున్న రెండు ఫ్యాన్లనూ నాలుగేసి మరలు విప్పి తిరగేసి బిగించుకొని, ఫిల్టరు గుడ్డ ఒకటి అడ్డం కట్టుకుంటే ఈ వేసవి గడుస్తుంది. ఇంట్లో స్క్రూడ్రైవర్ లేక అదే అంగడికి తీసుకువెళితే, తాను తప్పుగా బిగించిన ఫ్యానును సరిగా తిప్పినందుకు ఫ్యానుకు ఇంత అని సర్వీస్ ఛార్జి అడుగుతున్నారు. ఆ డబ్బు ఇవ్వకండి. ఎందుకు ఇవ్వడం లేదో గట్టిగా, అంగట్లో ఉన్న పదిమందికీ వినబడేటట్టు, తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి చెప్పి రండి.