సవరణ: జియోఫోన్‌లో ఆండ్రాయిడ్ లేదు

మొన్నటి పోస్టులో, మా హన్మకొండలో చాలా ఇళ్లకు చేరిన మొదటి చవక ఆండ్రాయిడ్ ఫోన్ 2017 నాటి జియోఫోన్ అనీ, దాని ధర 1,500 అనీ రాశాను. రెండూ తప్పే. చౌరస్తా దగ్గర ఫోన్లు బాగుచేసే తమ్ముడొకడు అది చదివి, "అన్నా, దాంట్ల ఆండ్రాయిడ్ ఎక్కడిది?" అన్నాడు. అమ్మ బీరువాలోంచి పాత ఫోన్ తీసి చూశాను. చిన్న తెర, కింద అంకెల బటన్లు. 5 అంకె అరిగిపోయింది. టచ్ ఊసే లేదు!

కంపెనీ అప్పటి ప్రకటన, పత్రికల వార్తలు మళ్లీ చదివాను. జియోఫోన్‌లో నడిచేది కాయ్‌ఓఎస్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టం. 1,500 అనేది ధర కాదు, మూడేళ్ల తర్వాత ఫోన్ అప్పగిస్తే తిరిగిచ్చే డిపాజిట్. వాట్సాప్ కూడా 2018 సెప్టెంబరులో గానీ రాలేదు. ఆండ్రాయిడ్ మీద నడిచే జియోఫోన్ నెక్స్ట్ 2021 దీపావళికి వచ్చింది, 6,499 రూపాయలకు.

నిజానికి చవక ఆండ్రాయిడ్‌లు అంతకు చాలా ముందే ఉన్నాయి. 2014 సెప్టెంబరులోనే మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలు గూగుల్‌తో కలిసి తెచ్చిన ఆండ్రాయిడ్ వన్ అనే చవక ఫోన్లు 6,399 నుంచి దొరికాయి. రెడ్‌మీ 1ఎస్ అయితే 5,999కే.

సరిచూసుకోకుండా రాశాను, పొరపాటు నాదే. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు మార్చాను.