1934కు తిరుగు ప్రయాణమా?

ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది. నెల రోజులకే తెలంగాణ కార్మిక శాఖ వాణిజ్య సంస్థల్లో 10 గంటల పనిని అనుమతిస్తూ జులై 5న ఉత్తర్వు జారీ చేసింది. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఔషధ ముడిసరుకు తయారుచేసే పరిశ్రమ పేలి, 40 మందికి పైగా కార్మికులను బలిగొన్న దుర్ఘటన జరిగి అప్పటికి అయిదు రోజులే. శిథిలాల్లో గల్లంతైన వారి కోసం కుటుంబాలు ఎదురుచూస్తుండగానే పని గంటలు పెంచే ఫైలు కదిలింది. ఈ తొందర ఎవరి కోసమో పాలకులే చెప్పాలి.

పెట్టుబడులు వస్తాయని, వారానికి 48 గంటల పరిమితి చెక్కుచెదరదని, అదనపు పనికి ఓవర్‌టైమ్ వేతనం దక్కుతుందని ప్రభుత్వాలు అంటున్నాయి. లెక్క చూస్తే ఆ భరోసా నిలవదు. మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న ఓవర్‌టైమ్ పరిమితిని ఆంధ్రప్రదేశ్ 144 గంటలు చేయాలని నిర్ణయించింది. తెలంగాణ ఉత్తర్వులోనూ అదే అంకె ఉంది. దాన్ని 13 వారాలకు పంచితే వారానికి 11 గంటలు, 48తో కలిపితే 59. బ్రిటిష్ ప్రభుత్వం 1922 ఫ్యాక్టరీ చట్టంలో వయోజన కార్మికులకు పెట్టిన వారపు పరిమితి 60 గంటలు!

ఈ దేశంలో పని గంటలు ఎవరి దయతోనూ తగ్గలేదు. 1881 నాటి తొలి ఫ్యాక్టరీ చట్టం పిల్లల గురించి మాత్రమే మాట్లాడింది. వయోజన పురుషుల పనికి 1911 వరకు హద్దే లేదు. బొంబాయి మిల్లుల్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా మగ్గాల ముందు నిలబడిన కార్మికులను, విద్యుద్దీపాలు వచ్చాక 14, 15 గంటలు కదలనివ్వలేదు. వారానికి ఒక సెలవు కావాలని 1884లో కార్మిక నేత నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో వేల మంది సంతకాలు చేస్తే, అది చేతికందడానికి 1890 దాకా పట్టింది. 1911లో బట్టల మిల్లుల్లో 12 గంటలు, 1922లో 11, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకు 1934లో 10, అంబేడ్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూస్తున్న కాలంలో రూపుదిద్దుకున్న 1946 సవరణతో 9. స్వతంత్ర భారతం 1948 చట్టంలో ఆ 9నే నిలుపుకుంది. దాన్ని మళ్లీ 10 చేయడమంటే వలస పాలకుల 1934 చట్టానికి తిరిగి వెళ్లడమే. దీనికి సంస్కరణ అని పేరు పెట్టడం దారుణం.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ ఒక్క గంట కాదు, అది నెలకొల్పుతున్న ఆనవాయితీ. పొరుగు రాష్ట్రం పెంచింది కనుక మేమూ పెంచుతామన్నది ఒక వాదంగా చెల్లితే, రేపు మరో రాష్ట్రం 12 అన్నప్పుడు మన ప్రభుత్వాలు ఏ ముఖంతో కాదంటాయి? ఇది ఊహ కాదు. కోవిడ్‌ను సాకుగా చూపి గుజరాత్ 2020లో 12 గంటల పనికి నోటిఫికేషన్ ఇస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. తమిళనాడు 2023లో అదే 12 గంటలకు బిల్లు ఆమోదించి, నిరసనలు చెలరేగాక వెనక్కి తీసుకుంది. 1948 చట్టం నుంచి నిలిచిన 9 గంటల హద్దునే చెరిపేసిన వారికి 10 దగ్గర ఆగాలన్న కట్టుబాటు ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్ సవరణలో విరామం లేకుండా చేయించగల పనిని 5 గంటల నుంచి 6కు పెంచడం, విరామంతో కలిపి ఫ్యాక్టరీలో ఉంచగల సమయాన్ని పదిన్నర నుంచి 12 గంటలకు జరపడం చూస్తే ఆగే ఉద్దేశం కనిపించడం లేదు.

ఓవర్‌టైమ్ ఇష్టమైతేనే చేస్తారన్న మాట కూడా వినిపిస్తోంది. రేపటి పని కాంట్రాక్టర్ చేతిలో ఉన్న బిహార్, ఒడిశా వలస కార్మికుడు ‘చేయను’ అనగలడా? రసాయనాల నడుమ పదో గంటలో, పదకొండో గంటలో అలసిన చేయి చేసే పొరపాటుకు ఎవరు బాధ్యులు?

ఆంధ్రప్రదేశ్ సవరణను శాసనసభ 2025 సెప్టెంబరులో ఆమోదించింది. దాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలి. తెలంగాణ తన ఉత్తర్వును వెంటనే రద్దు చేయాలి. జులై 9న దేశవ్యాప్త సమ్మెకు దిగిన కార్మిక సంఘాలు అడిగింది కొత్త వరం కాదు, ఉన్న హక్కును అలాగే ఉంచమని. మే 1న కార్మికులకు శుభాకాంక్షలు చెప్పి, రెండు నెలలు తిరిగేసరికి వారి విశ్రాంతిని పెట్టుబడిదారులకు రాయితీగా రాసిచ్చే అధికారం ఏ ప్రభుత్వానికీ ప్రజలు ఇవ్వలేదు.