వేడెక్కిన నీరే సహజమా?

బోరుబావిలోకి థర్మామీటరు తాడు కట్టి దించితే నగరం చేసిన నిర్వాకం బయటపడుతుంది. పది పదిహేను మీటర్లు దాటాక ఎండాకాలం, చలికాలం తేడా కనిపించదు. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ వేడి పెరగాలి, వంద మీటర్లకు సుమారు 3 డిగ్రీల చొప్పున. పెద్ద నగరాల కింద ఇది తిరగబడుతోంది. పైపొరలో నీరు వెచ్చగా ఉంటుంది, ఇంకాస్త దిగితే చల్లబడుతుంది. అంటే వేడి పైనుంచే దిగుతోంది: సెల్లార్లు, మెట్రో సొరంగాలు, మురుగు పైపులు, తారు రోడ్ల నుంచి. జర్మనీలోని కొలోన్‌ కింద భూగర్భజలం మామూలు కంటే 3 నుంచి 5 డిగ్రీలు వేడెక్కిందని 2010లోనే తేలింది.

ఇంత తెలిసీ పాలకులు ఏం చేశారు? యూరోపియన్ యూనియన్ 2000లో తెచ్చిన జలచట్టం నీటిలో కలిపే వేడిని కూడా కాలుష్యమే అంది. స్విట్జర్లాండ్ నిబంధన ప్రకారం భూగర్భజలం ఉష్ణోగ్రత సహజస్థితి నుంచి 3 డిగ్రీలకు మించి మారకూడదు. సరే, ఏది సహజస్థితి? నగరం పెరగకముందు నీరు ఎంత చల్లగా ఉండేదో చాలాచోట్ల ఎవరూ కొలిచి పెట్టలేదు. ఇవాళ కొలిచిందే సహజమంటే ఇప్పటిదాకా ఎక్కిన వేడినంతా మాఫీ చేసినట్టే. దానిమీద ఇంకో 3 డిగ్రీలకు అనుమతి. రేపు మళ్లీ కొలిస్తే అదీ సహజమే. మా భయమంతా ఇదే.

ఆ వేడిని హీట్ పంపులతో తోడి ఇళ్లు వెచ్చబెట్టుకోవచ్చని కొందరంటున్నారు. తోడుకోండి, మంచిదే. ఆ పేరు చెప్పి ఏసీల వేడిని అదే నీటిలోకి దించడం మాత్రం ఒప్పుకోం. ఒక్క భవనానికి ఒప్పుకుంటే పక్క భవనానికి కాదనలేరు.

నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ చీకట్లో కళ్లు లేకుండా బతికే రొయ్యల్లాంటి చిన్న ప్రాణులకు పారిపోయే చోటు లేదు. నీటిని వాడుకుని వేడి వదిలే యంత్రాన్నైనా అనుమతి అడుగుతున్నారు. ఏళ్ల తరబడి ఆ నీటిలో నానుతూ దాన్ని కాచే సెల్లార్ గోడను ఎవరడుగుతున్నారు?

నగరం బయట, అదే జలపొరలో ఉన్న పల్లె బావిని కొలవండి. ఆ అంకెనే సహజమని రాసుకోండి. సెల్లార్ ప్లాన్ మీద సంతకానికి ముందు కింది నీటి ఉష్ణోగ్రత అడగండి, లేకపోతే ఫైలు వెనక్కి పంపండి. నడిబొడ్డు బోరులో అంకె రాసుకుని ఇదే మామూలు అనడం దొంగలెక్క. ఆ లెక్క మీద సంతకం పెట్టే అధికారులే దానికి జవాబు చెప్పాలి.