వెనుకబడిన కొట్లాటలకు న్యాయం ఎప్పుడు?

నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి, వచ్చేపోయేవాళ్లను ఆపి, కొట్లాట వీడియో గేమ్ పేరు ఒక్కటి చెప్పమనండి. నలభైకి దగ్గరపడ్డవాళ్లు టెక్కెన్ 3 అంటారు. కాలేజీ పిల్లలు టెక్కెన్ 8 అంటారు. మధ్యలో ఉండాల్సిన నాలుగు, అయిదు, ఆరు, ఏడు ఎటు పోయాయో, ఎవరి పేరు మీద పట్టా అయ్యాయో అడిగే నాథుడు లేడు. పెద్దింటి గేముకే ఈ గతి పడితే, ఇంటిపేరు కూడా తెలియని గేముల సంగతి ఇక చెప్పాలా?

అందుకే ఈ విషయంపై ఏకసభ్య కమిటీ వేశాను. సభ్యుడిని నేనే, చైర్మన్‌నీ నేనే, భత్యం రావాల్సినవాడినీ నేనే. రామగిరిలో మా మేడ మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని, మా అక్క కొడుకును సాక్షిగా పిలిపించి విచారణ జరిపాను. నివేదిక ప్రభుత్వానికి ఇస్తే బీరువాలో పెట్టి తాళం వేస్తారు కాబట్టి నేరుగా మీకే సమర్పిస్తున్నాను.

ముందుగా పూర్వాపరాలు. మా చిన్నప్పుడు గేమ్ షాపులో గంటకు పది రూపాయలు. 1998లో ప్లేస్టేషన్ మీదికి వచ్చిన టెక్కెన్ 3 అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా తిరుగుతూనే ఉండేది. అందరికీ ఎడ్డీ గోర్డోయే కావాలి. కాపొయెరా అనే బ్రెజిల్ యుద్ధవిద్య వచ్చినవాడు, చేతుల మీద లేచి కాళ్లతో కొడతాడు. ఏ మీట నొక్కుతున్నామో తెలియక్కర్లేదు, రోట్లో పచ్చడి నూరినట్టు నూరితే చాలు, ఎదుటివాడు కింద పడతాడు. ఏళ్ల తరబడి కష్టపడ్డవాడిని నిన్న వచ్చినవాడు మట్టి కరిపించడం నేను మొదట చూసింది అక్కడే. రాజకీయాలు తర్వాత చూశాను. ఇంతకీ ఆ ఒక్క గేమే మా ఊరికి ఎందుకు వేదమైందని విచారిస్తే, కమిటీకి దొరికిన కారణం ఒక్కటే: షాపాయన దగ్గర ఆ సీడీయే ఉంది. బత్తాయి రైతులకు ఈ న్యాయం కొత్త కాదు. ధర తోటలో పుట్టదు, లారీ తెచ్చినవాడి నోట్లో పుడుతుంది.

ఇక అసలు అభియోగానికి వస్తాను. పేరుమోసిన గేములు కొట్లాట గురించి పచ్చి అబద్ధాలు చెబుతాయి. తెర మీద ఇద్దరి ప్రాణం ఎంత మిగిలిందో గీత గీసి చూపిస్తాయి. పక్కన గడియారం పెడతాయి. ఎవడో వెనక నుంచి "రెడీ" అని అరిచాకే మొదలుపెట్టాలంటాయి. మా జిల్లాలో ఏ కొట్లాటకైనా ఎవడైనా రెడీ అన్నాడా? గెట్టు రాయి ఒక జానెడు జరుగుతుంది. తాత మొదటి రౌండ్ పొలంలో, కొడుకు రెండో రౌండ్ పెద్దమనుషుల ముందు, మనవడు మూడో రౌండ్ కోర్టులో. నాలుగో తరం వచ్చేసరికి ఆ జానెడు జాగాలో రోడ్డు పడుతుంది.

ఈ నిజం తెలిసిన గేమ్ ఒకటుంది: బుషిడో బ్లేడ్. లైట్‌వెయిట్ అనే కంపెనీ తయారు చేస్తే 1997లో స్క్వేర్ విడుదల చేసింది. అందులో ప్రాణం గీత లేదు, గడియారమూ లేదు. కత్తి సరిగ్గా తగిలితే ఒక్క దెబ్బకే మనిషి పోతాడు. కాలి మీద తగిలితే చావడు కానీ నిలబడలేక మోకాళ్ల మీద పాకుతూ పోరాడాలి. ఆ మాటకొస్తే పారిపోవచ్చు కూడా. మెట్లెక్కి, గోడ దిగి, వెదురు తోపులోకి పోతే ఎదుటివాడు వెంటపడాల్సిందే. మా అల్లుడు పది నిమిషాలు ఆడి, "మామా, ప్రాణం ఎంతున్నదో కనబడ్తలేదు, ఖరాబైందా?" అన్నాడు. "నీకు బయట కనబడుతున్నదా?" అని అడిగితే ఫోన్ తీసి చార్జింగ్ ఎంతుందో చూసుకున్నాడు.

ఇందులో ఇంకో కట్టుబాటుంది. కథ ఆడేటప్పుడు ఎదుటివాడు వంగి నమస్కారం చేస్తుండగా నరికినా, వెనక నుంచి పొడిచినా, కళ్లలో మన్ను కొట్టినా, నీ పని వీరుడికి తగదని తెర మీద ఒక మాట వస్తుంది. కథ అంతటితో బంద్. ఎన్నికల్లో నిలబడేవాళ్లందరికీ నామినేషన్‌కు ముందు ఈ గేమ్ ఆడించాలని కమిటీ మొదట తీర్మానించింది. అయితే అన్ని నియోజకవర్గాలూ ఖాళీగా ఉండిపోయే ప్రమాదం కనిపించి ఆ తీర్మానాన్ని పక్కన పెట్టడమైనది.

రెండో సాక్ష్యం డెఫ్ జామ్: ఫైట్ ఫర్ ఎన్‌వై, 2004. ఎన్‌వై అంటే న్యూయార్క్. అమెరికా ర్యాప్ పాటగాళ్లు ఒకళ్లనొకళ్లు చితక్కొట్టుకునే గేమ్. పేరు చూసి చాలామంది ఇది పాటల బాపతు అనుకుని వదిలేశారు. దీని గొప్పతనం కొట్టుకునేవాళ్లలో లేదు, చుట్టూ నిలబడ్డ జనంలో ఉంది. వాళ్ల దాకా వెనక్కి పోతే నిన్ను పట్టుకుంటారు. నువ్వు కదలకుండా వాళ్లు పట్టుకుంటే ఎదుటివాడు నింపాదిగా కొడతాడు. లేదంటే వీపు మీద చరిచి మళ్లీ మధ్యలోకి తోస్తారు. ఒక్కోసారి చేతికి కర్ర కూడా అందిస్తారు. ఇది న్యూయార్క్ అంటే నేను నమ్మను. మన బస్టాండు ముందు కొట్లాట జరిగితే "ఆపండ్రా, ఆపండ్రా" అంటూ వచ్చే పెద్దమనిషి ఎప్పుడూ ఒక్కడినే పట్టుకుంటాడు గమనించండి. ఆ ఒక్కడు మనమే అవుతాం. మా జనం స్వభావాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాళ్లు ఏనాడూ నల్లగొండకు రాలేదంటే ఆశ్చర్యమే.

పైగా ఇందులో ప్రాణం తగ్గినంత మాత్రాన ఎవడూ ఓడిపోడు. సగం చచ్చినవాడికి చివరి దెబ్బ పద్ధతి ప్రకారం పడాలి, లేకుంటే కాసేపటికి తేరుకుని లేస్తాడు. మాజీల విషయంలో ఇది మన పార్టీలు ఎప్పటికి నేర్చుకుంటాయో.

గారూ: మార్క్ ఆఫ్ ద వుల్వ్స్ గురించి మర్యాదగా మాట్లాడాలి, ఎందుకంటే నిజంగానే అది అందమైన ఆట. పేరులోనే "గారూ" అని గౌరవం ఉంది కాబట్టి తెలుగువాళ్లు ముందే పట్టించుకోవాల్సింది. గారూ అంటే జపాన్ భాషలో ఆకలిగొన్న తోడేలట. మనకూ ఆ మాట తగిలించుకున్న తోడేళ్లు తెలియకపోలేదు. ఎస్‌ఎన్‌కే కంపెనీ దీన్ని 1999లో తెచ్చింది. దెబ్బ తగిలే ఆఖరి క్షణంలో అడ్డుకుంటే కొంచెం ప్రాణం తిరిగి వస్తుంది. అది చేతికి వచ్చిందంటే కొట్టడం కన్నా కాచుకోవడమే మజాగా ఉంటుంది. ఇంకో ఏర్పాటు ఏంటంటే, నీ ప్రాణం గీతలో ఏ భాగంలో నీకు ఎక్కువ బలం రావాలో ఆటకు ముందే చెప్పుకోవాలి: మొదట్లోనా, మధ్యలోనా, చివర్లోనా. మన నాయకులందరూ చివరిదే ఎంచుకుంటారు. నాలుగేళ్లు దెబ్బలు తింటూ పడుకుని, ఎన్నికలకు ఆరు నెలల ముందు శంకుస్థాపనల మీద శంకుస్థాపనలు. ఈ గేముకు తర్వాతి భాగం 2025లో వచ్చింది. ఇరవయ్యారేళ్లా అని విదేశాల వాళ్లు గుండెలు బాదుకున్నారు. పాలమూరులో కాలువ నీళ్ల కోసం ఎదురుచూసిన రైతును అడిగితే, అంత తొందరగా ఎట్లా ఇచ్చారని ఆరా తీస్తాడు.

మిగతావాటిలో రెండింటిని మాత్రం త్వరగా చెప్పేస్తాను, మా అక్క అన్నానికి పిలుస్తోంది. డైవ్‌కిక్‌కు రెండే మీటలు: ఎగరడం, తన్నడం. ముందుకు నడవడం అనేదే లేదు. ఒక్క తన్ను తగిలితే రౌండ్ అయిపోయింది. మీటలు ఎక్కువని సాకు చెప్పే మా బావలాంటి వాళ్ల కోసమే చేసినట్టుంది. రైవల్ స్కూల్స్ 1997 నాటిది. బడి పిల్లలు, సార్లు అందరూ కలిసి కొట్టుకుంటారు. బేస్‌బాల్ ఆడేవాడు బ్యాటుతోనే వస్తాడు. మా రోజుల్లో కొట్టే హక్కు సార్లకే ఉండేది కాబట్టి ఇది కాల్పనిక కథ కిందికి వస్తుంది.

చివరిది మాత్రం విచారణ లేకుండానే నిర్దోషి: లిటిల్ ఫైటర్ 2. హాంకాంగ్‌లో మార్టీ వాంగ్, స్టార్‌స్కీ వాంగ్ అనే ఇద్దరు తయారు చేసి 1999లో ఊరికే పంచిపెట్టారు. రూపాయి అడగలేదు. అందుకే దాన్ని ఎవరూ గౌరవించలేదు. మనకు ఉచితంగా వచ్చినవాటిలో చీరకే విలువ. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో సీ భాష నేర్చుకోవాల్సిన గంటలో ఒకే కీబోర్డు మీద నలుగురం పడి ఆడేవాళ్లం. నలుగురూ ఒకేసారి నొక్కితే కొన్ని మీటలు కంప్యూటర్‌కు అందవు. ఓడినవాడికి అంతకు మించిన సాకు లేదు. తెర మీద పడే దెబ్బల కన్నా మోచేతి పోట్లే ఎక్కువ. అందులో నిప్పువాడు ఫైరెన్, మంచువాడు ఫ్రీజ్. ఇద్దరూ కలిసిపోయి ఫిర్జెన్ అనే ఒక్క మహాయోధుడు కావచ్చు. షరతు ఒకటే, ఇద్దరికీ ప్రాణం బాగా తగ్గి ఉండాలి. ఇరవైల్లో ఇది అర్థం కాలేదు. తర్వాత పొత్తుల వార్తలు చదువుతుంటే అర్థమైంది.

నివేదిక సిద్ధమయ్యాక సాక్షి సంతకం కోసం మా బావను కూర్చోబెట్టాను. ఆయన దేవరకొండ దగ్గర సొంతూరిలో ఒకసారి సర్పంచ్‌గా నిలబడ్డ మనిషి. బుషిడో బ్లేడ్ పెట్టి కంట్రోలర్ చేతికిచ్చాను. ఎదుటి యోధుడు వంగి నమస్కారం చేస్తున్నాడు. బావ మొహమాటపడలేదు, ఒక్క వేటు వేశాడు. తెర మీద ఆ మాట వచ్చింది, కథ ఆగిపోయింది.

"అరే బామ్మర్దీ, గెలిచినం గదా" అన్నాడు బావ కంట్రోలర్ కింద పెడుతూ. "సర్టిఫికెట్ ఎప్పుడిస్తరు?"